ముడి మీద వేలు

సామాను సర్దడంలో నన్ను మించినవాడు కొత్తపేట చుట్టుపక్కల లేడని నా నమ్మకం. ఈ నమ్మకం ఊరికే రాలేదు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ని నేను. చలికాలం వచ్చిందంటే అక్కడివాళ్ళు పిల్లాజెల్లాతో ఎడారికి వెళ్ళి టెంట్లు వేసుకుంటారు. వారం చివర రెండు రోజులూ అక్కడే కాపరం. ఆ సామానంతా సర్దేది నేను. తివాచీలు, బొగ్గులు, కాఫీ ఫ్లాస్కులు, జనరేటరు, పిల్లల దుప్పట్లు, పిల్లల బొమ్మలు, ఆ బొమ్మలకి బ్యాటరీలు. అలా ఆరు చలికాలాలు సర్దేను. ఇసకలో మేకు ఎంత లోతు దిగాలో, గాలి ఎటు వీస్తే టెంటు గుమ్మం ఎటు తిప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా పిల్లల్ని మాత్రం ఒక్కసారీ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళడానికి నేనుంటే కదా.

కిందటేడు ఆ ఇంటివాళ్ళు కొత్త టెంటు కొనుక్కుని పాతది నాకు ఇచ్చేసేరు. పాతదంటే ఒక మూల చిన్న చిరుగు, అంతే. ఆ సాయంత్రమే వీడియో కాల్‌లో పిల్లలకి చూపించి, "ఈసారి వచ్చినప్పుడు మనందరం ఇందులో పడుకుందాం" అన్నాను. మా చిన్నోడికి మూడేళ్ళు. టెంటంటే ఏమిటో వాడికి తెలీదు గానీ, వాడికి గరిటె చూపించినా గంతులేస్తాడు. వాడితో నాకు పేచీ లేదు. పేచీ అంతా మా పెద్దదానితో. దానికి ఆరేళ్ళు. ఫోన్‌లో నా మొహం కనబడగానే పక్కకి జరిగిపోయే మనిషి, ఆ రోజు జరగలేదు. "ఎప్పుడు?" అంది. రెండేళ్ళలో అది నన్ను అడిగిన మొదటి మాట అదే.

అది అలా అవడానికి కారణం నేనే. ఇంకెవరి మీదా నెట్టను. కిందటిసారి సెలవైపోయి వెళ్ళేటప్పుడు దానికి నాలుగేళ్ళు. మా వైపు గల్ఫ్ వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. బయల్దేరే వేళకి చిన్నపిల్లల్ని ఎటో ఒకవైపు తప్పించేస్తారు. కళ్ళెదురుగా వెళ్తే పిల్లలు గోల పెడతారని, వెళ్ళేవాడికి కాళ్ళు కదలవని. ఆ రోజు శనివారం. మా అమ్మకి వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు శనివారాల మొక్కు నడుస్తోంది. "పిల్లని కూడా తీసుకెళ్ళమ్మా, మీరు వచ్చేలోపు నేను బయల్దేరిపోతాను" అని నేనే అమ్మకి నేర్పేను. ప్రసాదం పొట్లం దోసిట్లో పట్టుకుని, నాన్నకివ్వాలి నాన్నకివ్వాలి అనుకుంటూ అది ఆటో దిగి పరిగెత్తుకొచ్చిందట. అప్పటికి నా కారు రావులపాలెం దాటేసింది. మూడు రోజులు ఆ పొట్లం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదని తర్వాత మా ఆవిడ చెప్పింది. అప్పట్నుంచీ ఫోన్ దగ్గరికి రావడం మానేసింది.

అంచేత ఈ టెంటు నాకు సరదా వస్తువు కాదు. నా కూతురు నన్ను మళ్ళీ నమ్ముతుందా లేదా అన్నది దాని మీదే ఉంది.

అక్కడ చలి తగ్గి టెంట్లు ఎత్తేసేక గానీ నాకు సెలవివ్వరు. అలా మార్చిలో వచ్చేను. వారం రోజులు పెద్దది నాకు అందనంత దూరంలో తిరిగింది. పదో రోజున వచ్చి నా పక్కన కూర్చుని ఇడ్లీ తింది. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, కదలకండి అని చేత్తో సైగ చేసింది. అది తినడం అయ్యేదాకా నేను ఎంగిలిచెయ్యి కడుక్కోడానికి కూడా లేవలేదు.

టెంటు వెయ్యడానికి చోటు దిండి దగ్గర మా మావగారి కొబ్బరితోట. గోదారి పాయ పక్కనే. శనివారం పొద్దున్న వెళ్ళడం, ఆదివారం సాయంత్రానికి తిరిగిరావడం. పక్కింటివాళ్ళ వ్యాను అడిగి తెచ్చేను. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిపూట బడి అయి పెద్దది ఇంటికొచ్చేసరికి, హాలు మధ్యలో కూర్చుని నేను సర్దుడు మొదలుపెట్టేసేను.

మా ఆవిడ గుమ్మంలో నించుని కాసేపు చూసింది.

"ఇవేంటండీ?"

"నీళ్ళు. ఆరు క్యాన్లు."

"గోదారి ఒడ్డుకి నీళ్ళు మోసుకెళ్తున్నారా?"

ఎడారికైతే ముందు నీళ్ళు ఎక్కించి తర్వాత మనుషుల్ని ఎక్కిస్తాం. అదే చెయ్యి అదే పని చేసుకుపోయింది.

"ఈ బస్తా?"

"బొగ్గులు."

"కొబ్బరితోటలోకి బొగ్గులు. మా నాన్న చూసేరంటే దిండి సెంటర్లో అందరికీ చెప్పి నవ్వుతారు. అక్కడ కాళ్ళకడ్డం పడేవన్నీ పొయ్యిలోకి పనికొచ్చే మట్టలూ డొక్కలే కదండీ. మరి ఈ కళ్ళజోళ్ళు?"

"ఇసక గాలికి పిల్లల కళ్ళల్లో పడకుండా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నీ బానే ఉన్నాయి గానీ, దోమల మాట ఏం చేసేరు?" అంది.

దోమలు. నాలుక్కరుచుకున్నాను. ఎడారిలో దోమలుండవు. కోనసీమలో పుట్టి పెరిగినవాణ్ణి, దోమల్ని మర్చిపోయేను చూడండి. మా ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళి దోమతెర తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఆవిడ ఏమీ అనకుండా చేసే పనులు నాకు మహా ఒళ్ళుమంట.

ఈలోగా అమ్మ తన వంతు తెచ్చింది. ఆవకాయ సీసా, కందిపొడి, రెండు కవర్లు తొడిగి వాసన బయటికి రాకుండా బిగించిన ఎండు రొయ్యలు. "ఒక్క రాత్రికి ఇవన్నీ ఎందుకమ్మా?" అంటే, "ఏమోరా, నువ్వు పెట్టె సర్దుతుంటే చెయ్యి దానంతటదే అటకమీదకి వెళ్ళిపోయింది" అంది. చిన్నోడు ఊరుకుంటాడా. ఒంటి చెప్పు, టీవీ రిమోటు, సగం కొరికిన జంతిక తెచ్చి పెట్టెలో వేసేడు. నేను తీస్తాను, వాడు వేస్తాడు. ఈ వ్యాపారం అరగంట నడిచింది.

మొత్తానికి రెండు అట్టపెట్టెలయ్యేయి. టేపు అంటించేను. విమానం సామాను వేలాడదీసి తూచే చిన్న కాటా ఒకటి నా దగ్గరుంటుంది, దానికి తగిలించి తూచేను. తర్వాత మార్కర్ తీసి నాలుగు వైపులా నా పేరు, ఫోన్ నంబరు రాసేను. నవ్వకండి. పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళే పెట్టె మీద పేరెందుకని మా ఆవిడ ఎలాగూ అడిగింది. చెయ్యి ఆగలేదు, అంతే.

ఇక తాడు. ప్లాస్టిక్ తాడు కట్టడంలో ఒక కిటుకుంది. మొదటి ముడి వేసేక దాని మీద ఎవరో ఒకరు వేలు అదిమి పట్టాలి. అప్పుడే రెండో ముడి బిగుస్తుంది. లేకపోతే మొదటిది జారి తాడంతా వదులైపోతుంది. కువైట్‌లో మా రూములో ఎవడు ఇంటికి బయల్దేరినా మిగతావాళ్ళం వేలు పెట్టడానికి ఎగబడతాం. ఇంటి దగ్గర ఆ వేలు మా ఆవిడది. ఈసారి మాత్రం పెద్దదాన్ని పిలవాలనిపించింది.

"ఇలా రామ్మా. ఈ ముడి మీద వేలు పెట్టు."

అది దగ్గరికొచ్చింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "ఎన్ని కిలోలొచ్చింది?" అంది.

"ముప్పై" అన్నాను గొప్పగా.

"తమ్ముడి నిక్కర్లు ఇందులో ఉన్నాయా?"

"లేవు. మీ బట్టలు అమ్మ వేరే సంచిలో పెడుతుంది."

"నా గౌను?"

"అదీ సంచిలోనే."

తలూపి వెళ్ళిపోయింది. నేనేమో, ఎంత బుద్ధిగా ఆరా తీస్తోందో, నా పోలికే అని మురిసిపోయేను. ఇంత బుర్ర తక్కువవాణ్ణి నేను ఇంకోణ్ణి చూడలేదు. వేలు చివరికి మా ఆవిడే పెట్టింది, "దిండికి కూడా నా వేలేనా" అని సణుక్కుంటూ. ఆ సాయంత్రం పెద్దది అన్నం సరిగా తినలేదు. ఎండదెబ్బేమో అనుకున్నాం.

శనివారం పొద్దున్న పెట్టెలు రెండూ తెచ్చి అరుగు మీద పెట్టేను. వ్యాను గుమ్మం ముందుంది. చిన్నోడు అప్పటికే స్టీరింగు దగ్గర సెటిలైపోయేడు. అమ్మకి ఈ ఏడు మళ్ళీ మొక్కు, అది ఐదో వారం. తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, కొబ్బరికాయ సంచితో బయటికొచ్చింది. పెద్దదాని జడ సవరిస్తూ, "నాతో రావే, వాడపల్లి వెళ్ళొచ్చేద్దాం. వీళ్ళు సామాను ఎక్కించుకునేలోపు వచ్చేస్తాం కదా" అంది. అమ్మ మనసులో ఏమీ లేదు. ముందు రోజు వేసుకున్న లెక్క ప్రకారం మేం పదింటికి బయల్దేరాలి, అప్పటికి ఆరే అయింది.

పెద్దది ఏడవలేదు. అరుగెక్కి వచ్చి, ఎత్తుగా ఉన్న పెట్టె మీదకి పాకి కూర్చుంది. తాడు రెండు చేతుల్తో పట్టుకుంది.

"మళ్ళీ వాడపల్లేనా?" అంది.

వ్యానులో చిన్నోడు హారన్ కొడుతున్నాడు.

"దిండి వెళ్తున్నాం కదమ్మా, టెంటు వేసుకోడానికి" అన్నాను.

"ఇందులో మా బట్టలు లేవుగా" అంది. తర్వాత ఒక్కొక్క వేలూ ముడుస్తూ చెప్పుకొచ్చింది. "ముప్పై కిలోలు తూచేవు. నీ పేరు రాసేవు. నాయనమ్మ రొయ్యలు పెట్టింది. అమ్మ వేలు పెట్టింది."

ఒక్కటీ తప్పు లేదు. నాలుగేళ్ళప్పుడు చూసింది చూసినట్టు పట్టుకుని ఉంది. నేను సర్దడం అది చూసింది వెళ్ళిపోవడానికే. ఇంకోలా కూడా సర్దుకుంటారని దానికెవరు చెప్తారు? నాకే తెలీదాయె. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ అది ఆ లెక్కలు వేసుకుంటూ అన్నం తినకుండా కూర్చుందంటే, నాకు ఎక్కడలేని సిగ్గేసింది.

అమ్మ కొబ్బరికాయ సంచి కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పింది నేనేనే తల్లీ. తప్పయిపోయింది" అంది.

"నాయనమ్మ చేత చెప్పించింది నేను" అన్నాను. దాని ఎదురుగా ఆ మాట ఒప్పుకోడం అదే మొదటిసారి. అది మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెట్టె మాత్రం దిగలేదు.

లోపలికి వెళ్ళి కొబ్బరికత్తి తెచ్చేను. "దిగితే తాడు కోసేస్తాను" అన్నాను. అది కత్తిని చూసింది, నన్ను చూసింది, దిగింది. రెండు పెట్టెల తాళ్ళూ పటపటా కోసేసి, టేపు చీరేసి, లోపలున్నదంతా అరుగు మీద గుమ్మరించేను. నా పేరు రాసిన అట్టలు మడతపెట్టి దొడ్లోకి విసిరేసేను.

"నువ్వే సర్దు" అన్నాను.

అది లోపలికెళ్ళి వాళ్ళమ్మ కూరలకి తీసుకెళ్ళే పెద్ద సంచి తెచ్చింది. అడుగున దాని గౌను పెట్టింది. దాని మీద తమ్ముడి నిక్కర్లు. ఆ మీద వాళ్ళమ్మ చీర. అప్పుడు నా వైపు తిరిగి, "నీ లుంగీ ఏదీ?" అంది. తెచ్చిచ్చేను. అందరి బట్టల మీదా నా లుంగీ పరిచి, రెండు చేతుల్తో అదిమి, జిప్పు లాగింది. సగంలో ఇరుక్కుంటే నేను సాయం పట్టబోయేను. "వద్దు" అని అదే లాక్కుంది.

మిగతాది మా ఆవిడ పది నిమిషాల్లో తేల్చేసింది. టెంటు, దుప్పట్లు ఒక మూట, దోమతెర, ఒక స్టీలు క్యారేజీ. నీళ్ళ క్యాన్లు, బొగ్గులు, జనరేటరు బదులు నేను కొన్న లాంతర్లు అన్నీ ఇంట్లోనే ఉండిపోయేయి. కళ్ళజోళ్ళు మాత్రం పిల్లలిద్దరూ అప్పటికే పెట్టేసుకున్నారు, ఇక తియ్యలేదు. అమ్మ గుడికి వెంటనే వెళ్ళలేదు. "ముందు మీరు బయల్దేరండి. మీరు వెళ్ళేక నేను వెళ్తాను" అని గేటు దగ్గర నించుంది. వ్యాను సందు మలుపు తిరిగేదాకా పెద్దది వెనక్కి తిరిగి నాయనమ్మకి చెయ్యి ఊపుతూనే ఉంది. గంటన్నర ప్రయాణంలో సంచి దాని ఒళ్ళోంచి కిందకి దిగలేదు.

తోటలో నా ఎడారి విద్య ఎంత పనికొచ్చిందో కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. టెంటు వేసేను. మావగారు తల పైకెత్తి చూసి, "ఇక్కడొద్దేమోనండి అల్లుడుగారూ, కాయలు రాల్తాయి" అన్నారు. పక్కకి మార్చేను. ఆయన మళ్ళీ తలెత్తేరు. "ఇక్కడా అంతేనండి." ఎడారిలో తలెత్తి చూసే అలవాటు లేదు నాకు. కొబ్బరితోటలో చెట్టు కింద కాని చోటు ఎక్కడుంటుంది చెప్పండి. మూడుసార్లు పీకి, నాలుగోసారి పాక ముందు కొబ్బరికాయలు రాశి పోసే ఖాళీలో వేసేను. మేకులు ఆ మెత్తటి ఒండ్రులోకి వెన్నలోకి దిగినట్టు దిగేయి, అంత సుఖంగానూ బయటికొచ్చేసేయి. చివరికి తాళ్ళు తెచ్చి నాలుగు చెట్లకి కట్టేం. మధ్యాహ్నం లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. కళ్ళజోళ్ళు పెట్టుకుని పిల్లలిద్దరూ ఆ వేడిలోనే ఉండి, బయటికి రమ్మంటే తలలు మాత్రం బయట పెట్టి కొబ్బరినీళ్ళు తాగి మళ్ళీ లోపలికి పోయేరు. అత్తగారు పంపిన చేపల పులుసు అందరం టెంటు గుమ్మంలోనే కూర్చుని తిన్నాం. నా జన్మలో అంత సుఖంగా తిన్నది లేదు.

ఏటి మీద ఎండ దిగిపోతుండగా పెద్దది వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నువ్వెప్పుడు వెళ్తావు?" అంది.

మా ఆవిడ వైపు చూసేను. ఆవిడ చేతిలో గిన్నె పట్టుకుని అలాగే నించుండిపోయింది. ఇంకా చాలా రోజులుందిలే అనబోయి ఆగేను.

"ఇంకో ఇరవై రెండు రోజులు" అన్నాను.

"పొద్దున్నా, సాయంత్రమా?"

"పొద్దున్న. ఎనిమిదింటికి."

"నేను ఆ రోజు ఎక్కడికీ వెళ్ళను" అంది.

"వద్దు. ఎక్కడికీ వెళ్ళొద్దు" అన్నాను.

ఆ ఇరవై రెండు రోజులు ఎలా అయిపోయేయో తెలీదు. వెళ్ళే ముందు రోజు మళ్ళీ అట్టపెట్టె, మళ్ళీ టేపు, మళ్ళీ అమ్మ రొయ్యలు. నేను మొదటి ముడి వేసేను. మా ఆవిడ అలవాటు ప్రకారం వంగింది. పెద్దది వచ్చి వాళ్ళమ్మ చెయ్యి పక్కకి తోసింది. ముందు తాడు వదులు చేసి, టేపు కాస్త ఎత్తి చూపించమంది. చూపించేను. లోపల చెయ్యి పెట్టి అన్నీ తడిమింది.

"నా గౌను లేదు."

"లేదమ్మా."

"ఇది నీ ఒక్కడిదే."

"నా ఒక్కడిదే."

టేపు అదే అంటించింది. నేను మళ్ళీ వేసిన ముడి మీద వేలు పెట్టింది. ఎంత వేలని, బెండకాయ ముక్కంత. నొక్కుకుంటుందేమోనని నేను వదులుగా లాగేను. "గట్టిగా కట్టు నాన్నా, ఊడిపోద్ది" అంది. గట్టిగానే కట్టేను. నొప్పి పుట్టిందా అంటే లేదంది. వేలి మీద ఎర్రగా గీత పడింది.

మర్నాడు ఎనిమిదింటికి గేటు దగ్గర అది గుక్కపట్టి ఏడ్చింది. సందులోవాళ్ళందరూ బయటికొచ్చేరు. అది చూసి చిన్నోడు, ఎందుకో తెలీకుండా, ఇంకా పెద్దగా ఏడ్చేడు. నేనూ ఏడ్చేను, సిగ్గెందుకు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ముగ్గుర్నీ తిట్టింది. కిందటిసారి నేను తప్పించుకున్నది ఈ ఏడుపునే. కారు కదిలేక వెనక్కి తిరిగి చూసేను. అది గేటు పట్టుకుని నించునే ఉంది.

కువైట్‌లో పెట్టె తాడు ఎప్పుడూ కత్తితో కోసిపారేస్తాను. ఈసారి రూములో కింద కూర్చుని గోళ్ళతో విప్పడం మొదలుపెట్టేను. రూమువాళ్ళు కత్తి అందించేరు. వద్దన్నాను. ఇంతలో ఫోన్ మోగింది. తెర మీద మా పెద్దది.

"విప్పేసేవా?" అంది.

"ఇంకా లేదు. ఎవరో బాగా గట్టిగా కట్టించేరు."

"ఫోన్ కింద పెట్టు, నేను చూస్తాను" అంది.

ఫోన్‌ని ఆవకాయ సీసాకి ఆనించి పెట్టేను. ముడి విడడానికి పావుగంట పట్టింది. అది ఫోన్ ముందు నుంచి పక్కకి జరగలేదు.